మీగడసీమ ఇచ్చిన తోడు

పాముమెడ కనుమ ముందు మైదానంలో వజ్రకూట చక్రవర్తి ప్రచండవర్మ దండు విడిసింది. ఆ వైభవం చూడడానికి రెండు కళ్ళు చాలవు. పోనీ పక్కవాడి కళ్ళు అరువు తెచ్చుకుందామంటే వాడూ నోరు తెరుచుకుని అటే చూస్తున్నాడాయె. పట్టుగుడ్డలు కప్పిన ఏనుగులు, నుదుట బంగారు పట్టీలు కట్టిన గుర్రాలు, నెమలిపింఛాల గొడుగులు, ఎండకు తళతళమనే ఈటెలు. వీణలు వాయించేవాళ్ళకొక గుడారం, వీణలు శ్రుతి చేసేవాళ్ళకొక గుడారం, శ్రుతి అమోఘంగా ఉందని తల ఊపేవాళ్ళకు ఇంకా పెద్ద గుడారం. వీటన్నిటికీ ముందు పదహారుమంది సామంతుల జెండాలు రెపరెపలాడుతున్నాయి. పులి, సింహం, మొసలి, తాచు, డేగ. అన్నీ కరిచేవీ, కాటేసేవీ, పీక్కుతినేవీను.

ఆ వరసలో, చక్రవర్తి వజ్రధ్వజానికి సరిగ్గా కుడిపక్కన, ఒక బుల్లి తెల్లజెండా ఉంది. దానిమీద కవ్వం బొమ్మ. అది మీగడసీమ జెండా.

మీగడసీమ ఎంత రాజ్యమంటే, రాజధానిలో ఆబోతు రంకె వేస్తే పొలిమేర కాపలావాడు ఉలిక్కిపడి లేచేంత. రాజూ ప్రజా అందరూ మందలు కాచుకునేవాళ్ళే. యువరాజు మకరందుడు కత్తి తిప్పడంలో ఎవరికీ తీసిపోడు, గుర్రమెక్కితే గాలికి అందడు. అయినా తెల్లవారి లేచి తన ఆవును తన చేత్తో పితికితే తప్ప అతనికి తెల్లవారినట్టే ఉండదు.

అటువంటి రాజ్యానికి చక్రవర్తి కుడిపక్కన చోటెందుకు? అక్కడే ఉంది కిటుకు. ప్రచండవర్మ వెనక నలభై వేల సేన ఉంది. పెరుగన్నం తిని పెరిగిన మూడు వందల మంది వచ్చినా రాకపోయినా ఆయనకు ఒకటే. ఆయనకు కావలసింది ఆ జెండా. సామంతులంటే ఎటూ ఆయన చెప్పినట్టు ఆడేవాళ్ళు, వాళ్ళ జెండాలు ఎన్నున్నా లోకం లెక్క చేయదు. కప్పం కట్టని రాజ్యం, సొంత రాజున్న రాజ్యం మీగడసీమ ఒక్కటే. అది పక్కన నిలబడితే, "ఈయనొక్కడే మీద పడడం లేదు, ఇరుగుపొరుగు కూడా ఒప్పుకున్నదే" అని లోకం అనుకుంటుంది.

మీగడసీమ రావడానికీ కారణం ఉంది. మకరందుడి ముత్తాత కాలంలో దొంగల దండు వాళ్ళమీద పడితే వజ్రకూటం వచ్చి తరిమికొట్టింది. ఆ కృతజ్ఞతతో ముత్తాత నీళ్ళధార వదిలి ఒక్క మాట అన్నాడు: "అడిగినప్పుడు తోడిస్తాం." పట్టాభిషేకం జరిగిన ప్రతిసారీ ఆ మాట అందరిముందూ బిగ్గరగా అంటారు. తప్పితే ఆలకనుమ మూతపడుతుంది. వేసవిలో మీగడసీమ మందలన్నీ ఆ కనుమ దాటి వజ్రకూటపు పచ్చికబయళ్ళకు పోవలసిందే. దారి మూస్తే పశువులు పోతాయి, పశువులు పోతే ఆ సీమలో మనుషులకు మిగిలేదేమీ లేదు.

అందుకే మకరందుడు మూడు వందల మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. బయలుదేరుతుంటే తల్లి సురభీదేవి వీరతిలకం దిద్ది, "నాయనా, విజయం తెస్తావో తేవో నీ ఇష్టం. తీసుకెళ్ళిన పిల్లల్ని మాత్రం ఒక్కణ్ణి కూడా అక్కడ వదలకు" అంది. ఆ మాట అతని చెవిలో దారి పొడుగునా మోగుతూనే ఉంది.

ఇంతకీ శత్రువెవరు? కనుమకు అవతల ఎర్రజొన్నకోన ఉంది. అక్కడి జనం తమ దొరను తరిమేశారు. ఆయన తన భార్య చీర కట్టుకుని, మీసాలమీదుగా ముసుగు లాక్కుని, ఎడ్లబండిలో గడ్డి కింద పడుకుని వజ్రకూటం చేరాడు. జనం చేలగట్లు చెరిపేసి, ఊరంతటికీ ఒకే గాదె కట్టి, "అందరికీ సమపాలు" అని కేక వేశారు. ఆ కేక ప్రచండవర్మ చెవిన పడ్డ రోజునుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఈ రోజు కోనలో దొర పోయాడు, రేపు పక్కసీమలో సామంతుడు పోతే, ఎల్లుండి ఎవరి వంతు? పడుకునేముందు పాన్పు కింద వంగి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరు భటులకు సమానంగా పులుసు వడ్డించాడని వంటవాణ్ణి ఖైదులో పెట్టించాడు.

ఆ మధ్యాహ్నం మకరందుడికి చక్రవర్తి గుడారంనుంచి పిలుపు వచ్చింది. వెంట సేనాని బుసలన్న కూడా వెళ్ళాడు. బుసలన్నకు కోపం వస్తే నోటికంటే ముందు ముక్కు మాట్లాడుతుంది, అందుకే ఆ పేరు.

లోపల సామంతులందరూ కొలువుదీరి ఉన్నారు. చక్రవర్తి పక్కన మాంత్రికుడు కాలజిహ్వుడు కూర్చున్నాడు. నేరేడుపండు తిన్నవాడిలా నల్లటి నాలుక, ఆ నాలుకకు ఎముక లేదనడానికి రోజూ కొత్త రుజువు. అతని ముందు పళ్ళెంలో తమలపాకు, ఆకుమీద కాటుక అంజనం. అందులో శత్రువును చూపించిన ప్రతిసారీ అతనికొక అగ్రహారం ముట్టుతుంది. అందుచేత శత్రువులకు కొదవ లేదు.

"చూశాం మకరందా! కళ్ళారా చూశాం!" అన్నాడు ప్రచండవర్మ, ఆసనం కింద ఒకసారి తొంగిచూసి. "కోనలో అరవై వేల దండు. తలలకు ఎర్రపాగాలు. వరస తప్పకుండా నిలబడ్డారు. గాలి వీస్తే అందరూ ఒక్కసారే ఇటు ఊగుతారు, ఒక్కసారే అటు ఊగుతారు. అంత కట్టుబాటు మా సేనలో ఏదీ?"

కాలజిహ్వుడు చేతులు జోడించాడు. "మహాప్రభూ, కనుమలోకి ముందుగా మీగడసీమ జెండాను నడిపించండి. ఇది వజ్రకూటపు దురాశ కాదని లోకం తలుస్తుంది. పోతే మూడు వందల మందే కదా!"

"పోతే" అన్న మాట దగ్గర బుసలన్న ముక్కు బుస్సుమంది.

మకరందుడు అతని చెయ్యి నొక్కిపట్టి, చక్రవర్తితో అన్నాడు: "ప్రభూ, మీ ఆజ్ఞ జవదాటను. అయితే దారీ తెన్నూ తెలియని చోటికి మావాళ్ళను తోలలేను. ముందు నేనొక్కణ్ణే వెళ్ళి చూసి వస్తాను."

"వెళ్ళు. సాయంకాలం నగారా మోగేలోపు రావాలి. రాకపోతే నగారాతోపాటు నీ మూడు వందల మందీ కనుమలో అడుగు పెడతారు. పెట్టం అంటే ఆలకనుమ మూతపడుతుంది."

మకరందుడు నమస్కరించి బయటికొచ్చాడు. కాలజిహ్వుడి ముఖం మాత్రం చేదు మింగినట్టు అయింది. కోనలోకి వెళ్ళి కళ్ళతో చూసి వచ్చేవాడంటే అంజనం వేసేవాడికి గిట్టదు మరి.

గుడారం చాటున మకరందుడు కిరీటం తీసేసి తలకు గుడ్డ చుట్టుకున్నాడు, పంచె మోకాళ్ళపైకి ఎగగట్టాడు, భుజాన కావడి వేసుకున్నాడు. ఆ కావడికి అటొక పెరుగుకుండ, ఇటొక పెరుగుకుండ. నడుముకు చిన్న మట్టిముంత ఎలాగూ ఉంది. మీగడసీమ మనిషి పొలిమేర దాటితే ఒరలో కత్తి ఉన్నా లేకపోయినా నడుముకు తోడుముంత ఉండి తీరాలి. పాలు ఏ ఊరివైనా ఫరవాలేదు, తోడు మాత్రం ఇంటిదే కావాలి, లేకపోతే ముద్ద దిగదు. ఆ తోడు ఎవరడిగినా లేదనరు. ఒకసారి తోడు పెట్టిన ఇంటిమీద చచ్చినా చెయ్యెత్తరు.

"బాబూ, నన్ను పోనీయవయ్యా," అన్నాడు బుసలన్న. "నాకేవన్నా అయితే మా ఆవిడ కాస్త సుఖపడుద్ది."

"నువ్వు పెరుగమ్మితే బేరమాడినవాళ్ళను కొట్టొస్తావు మామా. మనవాళ్ళను చూసుకో. నేను వచ్చేదాకా ఒక్కడి అడుగు కూడా ముందుకు పడనివ్వకు."

"నగారా మోగితే?"

"నెమ్మదిగా నడవండి. కవాతు చేస్తున్నట్టు ఉండాలి, కదిలినట్టు ఉండకూడదు."

బుసలన్న నవ్వాపుకోలేక ముక్కుతోనే నవ్వాడు.

పాముమెడ కనుమకు ఆ పేరు ఊరికే రాలేదు. రెండు కొండలూ దగ్గరికొచ్చి, మధ్య దారి మెలికలు తిరిగి తిరిగి పైకి పోతుంది. కింద ఏరు హోరుమంటుంది. మకరందుడు కావడి ఊపుకుంటూ మూడో మలుపు తిరిగాడో లేదో, నెత్తిన ఎండ ఆరిపోయింది. తలెత్తి చూస్తే గండభేరుండం! రెండు తలలు, నాలుగు మండే కళ్ళు, ఏనుగును ఎత్తుకుపోగల గోళ్ళు. కాలజిహ్వుడు పెంచి పోషిస్తున్న పక్షి అది, యువరాజును మాయం చేసి రమ్మని వదిలాడు.

పక్షి కావడితో సహా మకరందుణ్ణి పట్టుకుని ఆకాశానికి లేచింది. కొండలు బొమ్మల్లా కిందికి పోయాయి. మకరందుడు భయపడడానికి కూడా తీరిక చేసుకోలేదు. ఒక కుండ ఊడదీసి కుడితల కళ్ళమీద పటేలున పగలగొట్టాడు. కళ్ళనిండా పెరుగు కారుతూ ఆ తల కెవ్వుమంది. ఎడమతల ఏమైందా అని తిరిగి చూసి, ముక్కుమీద పడ్డ పెరుగు నాకి, రుచి చూసి, రెండో కుండకోసం నోరు చాచింది. అది నాకు కావాలని కుడితల కూడా గుడ్డిగా ఎగబడింది. ఒకే మెడమీద పుట్టిన రెండు తలలు ఆకాశంలో కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ గొడవలో గోళ్ళ పట్టు జారింది.

మకరందుడు గిరగిరా తిరుగుతూ కిందికి పడ్డాడు. పడ్డది కొండరాళ్ళమీద కాదు, కళ్ళంలో పోసిన జొన్నచొప్ప కుప్పమీద. చొప్పలోంచి తల బయటికి పెట్టేసరికి ఎదురుగా ఈటె మొన కనబడింది. ఈటె పట్టుకున్నది ఒక పడుచుపిల్ల. నల్లటి మెడలో ఎర్రజొన్న గింజల దండ, కొప్పులో కొడవలి దోపుకుని ఉంది.

"ఎవురు నువ్వు? పైనించి పడేదేంది?"

"పెరుగమ్ముకునేవాణ్ణి తల్లీ. పెరుగో పెరుగు!" అన్నాడు మకరందుడు, చొప్ప ఉమ్మేసి.

"నా పేరు చెంగల్వ. ఈడ అమ్మేదీ లేదు, కొనేదీ లేదు. ఏదున్నా అందరికీ సమపాలు."

మకరందుడి ముఖం వెలిగిపోయింది. "అందరికీనా? ఆవుపాలా, గేదెపాలా?"

చెంగల్వ ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత నవ్వింది చూడండి, చేతిలో ఈటె గజగజా ఊగింది. "పాలంటే వాటా అయ్యా పెరుగయ్యా! సమానమైన వాటా! ఆ పాలు గాదు!"

"మరి మా ఊళ్ళో పాలంటే ఒకటే అర్థం," అన్నాడు మకరందుడు నొచ్చుకుంటూ.

కళ్ళం అవతల కోనజనమంతా కూడి ఉన్నారు. అరుస్తున్నారు, వేళ్ళు చూపించుకుంటున్నారు. యుద్ధ వ్యూహం పన్నుతున్నారనుకుని మకరందుడు చెవి ఒగ్గాడు. విషయమేమిటంటే, చేను కోతకొచ్చింది, ఏ మూలనుంచి కోత మొదలుపెట్టాలన్నది సభలో తేలడం లేదు. ఒకరు తూర్పుమూల అంటే, తూర్పు మాత్రమే ముందెందుకని ఇంకొకరు. అన్ని మూలలూ సమానమే కదా అని ఒక ముసలాయన లేచి నిలబడితే, ఆయన చాలాసేపటినుంచి లేచే నిలబడి ఉన్నాడని తక్కినవాళ్ళు కూర్చోబెడుతున్నారు.

వాళ్ళ వెనక చేను. కొండవాలు పొడుగునా ఎర్రజొన్న కంకులు, వరస తప్పకుండా, నిండుగా నిలబడి ఉన్నాయి. గాలి వీచింది. కంకులన్నీ ఒక్కసారే ఇటు ఊగాయి, ఒక్కసారే అటు ఊగాయి.

మకరందుడు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అరవై వేల ఎర్రపాగాల దండు అదే. నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చి చొప్పమీదే పొర్లాడు.

అప్పుడే అతని ముక్కుకు ఒక వాసన తగిలింది. దొర వెళ్ళిపోయాక కోనలో ఆవులన్నీ ఉమ్మడివయ్యాయి, పాలు కొల్లలు. పొయ్యిమీంచి దించిన బానల్లో గోరువెచ్చగా ఉన్నాయి. పక్కనే నిన్నటి పాల బానలు, విరిగి, తీగలు సాగుతూ, పారబోయడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇదేమిటి? పెరుగు చేసుకోరా?" అన్నాడు మకరందుడు.

"ఎట్ల చేసేది?" అంది చెంగల్వ, ఈసారి నవ్వకుండా. "మా తాతల నాటినుంచీ పితికిన పాలన్నీ దొరింటికే పోయేవి. ఏ ఇంట్లోనూ పెరుగు మిగల్లేదు, ఇంక తోడు ఏడ ఉంటది? ఉన్న తోడు కాస్తా దొరసాని పట్టుకుపోయె. చింతపండు వేసి చూసినం, మిరప తొడిమెలు వేసి చూసినం. కుదరలా. పసిపిల్లలకు పెరుగంటే ఏందో తెల్వదు. నీకాడ తోడుంటే ఇయ్యయ్యా."

ఇక్కడ మకరందుడు ఒక పొరపాటు చేశాడు. మీగడసీమవాడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. తాను వేగుగా వచ్చానని మరిచిపోయాడు, శత్రుదేశంలో ఉన్నానని మరిచిపోయాడు, నగారా సంగతీ మరిచిపోయాడు. ముంత మూత తీసి, బానబానకూ చెంచాడు తోడు వేసి, కలిపి, గుడ్డ కప్పి, "ఎవరూ కదపకండి, వేడి పోనివ్వకండి, సాయంత్రానికి గడ్డపెరుగు" అని చెయ్యి తుడుచుకున్నాడు. పిల్లలందరూ బానల చుట్టూ చేరి గుడ్డమీద చెవులు పెట్టి వింటున్నారు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

అంతలో గుర్తొచ్చింది. తోడు పెట్టాడు! ఈ ఇంటిమీద ఇక తనూ చెయ్యెత్తలేడు, తన మూడు వందల మందిలో ఎవడూ ఎత్తడు. అటు చూస్తే చక్రవర్తికి తోడిస్తామన్న ముత్తాత మాట. నగారా మోగితే తనవాళ్ళు కనుమలో నడవాలి, నడవకపోతే ఆలకనుమ మూత. మకరందుడు తల పట్టుకుని కూలబడ్డాడు. తాను ఎవరో చెంగల్వకు దాచకుండా చెప్పేశాడు.

చెంగల్వ ఈటె మళ్ళీ ఎత్తింది. అతణ్ణి చూసింది, బానలు చూసింది, ఈటె దించింది. "తోడు ఇచ్చినోణ్ణి పొడిస్తే పెరుగు కూడా విరిగిపోద్ది. సరే, ఏం జేద్దాం చెప్పు."

తోడు అన్న మాట దగ్గర మకరందుడి బుర్రలో దీపం వెలిగింది. చటుక్కున లేచాడు. "ముందు ఆ సభను ముగించు! కొడవలి పట్టినవాళ్ళంతా ఎవరికి దగ్గరున్న మూల వాళ్ళు కొయ్యండి. ఇప్పుడే!"

ఎవరికి దగ్గరున్న మూల వాళ్ళు! ఆ ఉపాయం సభలో ఎవరికీ తట్టలేదు. జనం జేజేలు కొడుతూ చేలో దూకారు. చెంగల్వ ఒక చిన్న బాన ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది సాక్ష్యానికి" అంది.

అప్పటికి పొద్దు వాలింది. కనుమవైపు పరుగెత్తారు. కానీ అక్కడ దారి లేదు! పెరుగుముఖంతో తిరిగొచ్చిన పక్షిని చూసి కాలజిహ్వుడు సంగతి గ్రహించి మంత్రం వేశాడు. రెండు కొండలూ గుడగుడమంటూ దగ్గరికి జరిగి కలుసుకుంటున్నాయి. కింద ఏటికి మాత్రం కొంచెం సందు మిగిలింది. చెంగల్వ ఒడ్డున బోర్లించిన పెద్ద కుడితితొట్టి చూపించింది. ఇద్దరూ దాన్ని నీళ్ళలోకి తోసి ఎక్కి కూర్చున్నారు. తొట్టి ఏట్లో పడి బొంగరమైంది. ఒక రాయి తగిలి ఇటు, ఇంకొక రాయి తగిలి అటు, చివరికి జలపాతం అంచున ఒక్క క్షణం ఆగి, ధన్‌మని కిందికి!

"బాన కదిలిందా?" అని అరిచాడు మకరందుడు గాల్లోనే.

"నేను కదిలినా గానీ అది కదల్లేదు!" అని అరిచింది చెంగల్వ.

తొట్టి పోయి చక్రవర్తి ఏనుగులు నీళ్ళు తాగే రేవులో పడింది. పట్టపుటేనుగు తొండంతో దాన్ని ఒడ్డుకు నెట్టింది. అదే క్షణాన నగారా మోగింది. సేనకు దారి కావాలి గనక కాలజిహ్వుడు మంత్రం విప్పి కొండలను మళ్ళీ విడదీశాడు.

కనుమ ముఖాన బుసలన్న నడిపిస్తున్న మూడు వందల మంది అద్భుతంగా కవాతు చేస్తున్నారు. కాళ్ళు లేస్తున్నాయి, దిగుతున్నాయి, దుమ్ము లేస్తోంది, మనుషులు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. మకరందుడు తడిబట్టలతో పరుగెత్తుకొచ్చి, తన తెల్లజెండా పెరికి, కనుమకు అడ్డంగా నాటాడు.

"ప్రభూ! మీగడసీమ మాట నిలబెట్టుకుంది! తోడిచ్చేశాం!"

"ఎవరికి?" అని గద్దించాడు ప్రచండవర్మ, ఏనుగు అంబారీమీంచి.

"అడిగినవాళ్ళకు! మా ముత్తాత అన్నది 'అడిగినప్పుడు తోడిస్తాం' అనే. కత్తి ఇస్తామనలేదు, ప్రాణాలు ఇస్తామనలేదు. మా ఇంటి భాషలో తోడంటే ఇదే." చెంగల్వ బాన తెచ్చింది. మకరందుడు గుడ్డ తీసి, అందరూ చూస్తుండగా బానను బోర్లించాడు. చుక్క కూడా కింద పడలేదు. సామంతుల్లో నలుగురు లొట్టలేశారు. మకరందుడు కొనసాగించాడు: "తోడు పెట్టిన ఇంటిమీదికి మేము పోము. మా జెండా ఇక్కడుంటుంది. దీన్ని తొక్కి పోతామంటే పొండి, మిత్రుడి జెండా తొక్కి పోయారని లోకం చెప్పుకుంటుంది."

చక్రవర్తి జెండాకేసి చూశాడు. ఏ జెండాకోసం ఇంత శ్రమపడ్డాడో ఆ జెండాయే దారికి అడ్డంగా నిలబడింది. పదహారుమంది సామంతులూ ఆయన ముఖంకేసి చూస్తున్నారు.

"ద్రోహం!" అని కేక వేశాడు కాలజిహ్వుడు. "అరవై వేల దండు వచ్చి పడుతుంది!"

"అయితే మరొకసారి అంజనం వెయ్యి మాంత్రికా," అన్నాడు మకరందుడు. "అందరూ చూస్తారు."

సామంతులు మెడలు చాచి మూగారు. కాదనడానికి వీల్లేక కాలజిహ్వుడు తమలపాకు పరిచాడు. కాటుకలో ఎర్రపాగాల వరసలు కనబడ్డాయి. చక్రవర్తి అంబారీమీంచి వంగి చూశాడు. అంతలో ఒక మూల వరస వాలిపోయింది. ఇంకొక మూలా వాలింది. వాలినవాళ్ళను చంకల్లో పెట్టుకుని ఆడవాళ్ళు పాటలు పాడుతూ కట్టలు కట్టడం కనబడింది. ఒక కుర్రాడు ఒక సైనికుణ్ణి నలిపి నోట్లో వేసుకున్నాడు.

"జొన్నలు!" అన్నాడు సింహం జెండా సామంతుడు. "మహాప్రభూ, అవి జొన్నలు!"

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు, తర్వాత పదిమంది, తర్వాత నలభై వేల సేనా నవ్వింది. ఏనుగులు తొండాలెత్తి ఘీంకరించాయి. ప్రచండవర్మ మొదట ఎర్రబడ్డాడు, తర్వాత తెల్లబడ్డాడు, ఆఖరికి ఆయనా నవ్వాడు. ఎన్నో రాత్రులుగా పాన్పు కింద వెతుక్కుంటున్న మనిషి, భయం దిగిపోయి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మకరందా, విను!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అందరూ వినండి! ఆలకనుమ ఇకమీదట మీగడసీమ మందలకు..."

మాట పూర్తి కాలేదు. నెత్తిన మిగిలిన కాస్త వెలుగూ ఆరిపోయింది. గుట్టు రట్టయి, ఇక శిక్ష తప్పదని తెలిసిన కాలజిహ్వుడు గండభేరుండం వీపుమీదికి గెంతాడు, పక్షి అంబారీలోంచి చక్రవర్తిని గోళ్ళతో లాక్కుని మేఘాల్లోకి లేచింది. కిరీటం ఒక్కటీ వచ్చి చెంగల్వ కాళ్ళ దగ్గర పడింది.

సింహం జెండావాడు ఖాళీ అంబారీని చూశాడు. పులి జెండావాడు సింహం జెండావాణ్ణి చూశాడు. ఒరల దగ్గర చేతులు కదిలాయి.

బుసలన్న మెల్లగా మకరందుడి చెవిలో అన్నాడు: "బాబూ, మనోళ్ళంతా చెక్కుచెదరకుండా ఉన్నారు. అమ్మగారికి ఇచ్చిన మాట దక్కింది. ఈ సందట్లో ఇంటికి పోదాం పద."

"ఆ దొర పోతే పోనీలే," అంది చెంగల్వ కూడా.

మకరందుడు తనవాళ్ళకేసి చూశాడు. ఇంటికి పోవాలని అతనికీ ఉంది. అయితే మాట సగం ఇక్కడుంది, మిగతా సగం ఆకాశంలో పోతున్న ఆ నోట్లో ఉంది. అది పూర్తయితే తప్ప ఇంటి దగ్గర ఆవులకు వేసవి లేదు. అతను ఇంకా ఆలోచిస్తుండగానే పైనుంచి, ఎంతో దూరంనుంచి, కిరీటం లేని చక్రవర్తి గొంతు సన్నగా వినబడింది:

"తోడూ! మీగడసీమా! తోడూ!"

"విన్నావా మామా? అడిగాడు," అన్నాడు మకరందుడు. గుర్రంమీదికి ఎగిరి కూర్చున్నాడు. "మనవాళ్ళతో జెండా దగ్గరే ఉండు. ఇటువాణ్ణి అటు పోనివ్వకు, అటువాణ్ణి ఇటు రానివ్వకు. ఎవడైనా కత్తి దూస్తే ముందు పెరుగు పెట్టు."

చెంగల్వ ఈటె అందుకుని అతని వెనక ఎక్కింది. "నన్ను పంపాలా వద్దా అని సభ ఇంకా తేల్చలేదు. తేల్చేసరికి మనం తిరిగొస్తాంలే!"

గుర్రం దుమ్ము రేపుకుంటూ ఉత్తరపు కొండలకేసి దూకింది. మకరందుడు నడుముకున్న ముంత ఒకసారి తడిమి చూసుకున్నాడు. అడుగున ఇంకా చెంచాడు మిగిలే ఉంది. తల పైకెత్తి, గొంతెత్తి, పట్టాభిషేకంలో అన్నట్టే బిగ్గరగా అరిచాడు:

"ఇస్తాం!"